సిగ్నల్ లేకుండా గంప దిగదు

రండి, గుమ్మంలోనే నిలబడిపోయారేం? ఇలా వచ్చి దగ్గరగా కూర్చోండి. చాప మీద చోటుంది, ఫ్యాను గాలి కూడా ఇటే తగులుతుంది. గ్రంథాలయంలో అటెండరు పనంటే పుస్తకాల దుమ్ము దులపడమే కదా, అందులో చెప్పుకోవడానికి ఏముంటుందని చాలామంది అడుగుతుంటారు. ఉంటుంది. ఒక్క సంగతి చెబుతాను, తీరిగ్గా వినండి.

కరోనా పోయాక వచ్చిన రెండో వేసవి అది. విశాఖపట్నంలో పోర్టు వైపున్న ఒక పాత పేటలో మాది శాఖా గ్రంథాలయం. చిన్న మేడ. కింద ముందు వరండా, లోపల రీడింగ్ రూమ్, అంటే పేపర్లూ వారపత్రికలూ అక్కడే కూర్చుని చదువుకునే గది. దాని పక్క గదిలో పోటీ పరీక్షల పుస్తకాలు. కానిస్టేబుల్ పరీక్షకనీ, బ్యాంకు పరీక్షకనీ చదివే కుర్రాళ్లూ ఆడపిల్లలూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడ తల ఎత్తరు. వాళ్ల ఇళ్లలో అంత చోటూ ఉండదు, అంత నిశ్శబ్దమూ ఉండదు. ఒక మూల కంప్యూటరు ఉంది. హాల్ టికెట్ తీసుకోవడం రాని వాళ్లకు మా లైబ్రేరియన్ సరళ మేడమ్ పక్కన కూర్చుని నేర్పిస్తారు. మేడ మీద నవలలు, పిల్లల పుస్తకాలు. వాటిని లెండింగ్ సెక్షన్ అంటాం. ఇంటికి పట్టుకెళ్లి చదివి తెచ్చి ఇచ్చే పుస్తకాలన్న మాట.

నా పేరు పైడమ్మ. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. కానీ విన్న మాట మర్చిపోను. మా అమ్మమ్మ వలలు అల్లుతూ చెప్పిన కథలు, ఏ కథలో ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకునేదో దానితో సహా, నాకు నోట్లోనే ఉన్నాయి. అందుకే సరళ మేడమ్ వేసవి సెలవుల్లో పిల్లలకు ‘కథల గంట’ పెట్టినప్పుడు పుస్తకాలు చదివించే పని ఆవిడ తీసుకుని, కథ చెప్పే పని నాకు ఇచ్చారు.

ఇక అసలు మనిషి దగ్గరకు వస్తాను. ఆయన పేరు సత్యనారాయణ. అందరూ సత్యం గారనే వాళ్లు. కోనసీమ నుంచి వయసులో ఉండగా పోర్టు పనికి వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని, ఇక్కడే రిటైరయ్యారు. మా రీడింగ్ రూములో కిటికీ పక్క కుర్చీ ఆయనది. రాసిచ్చింది కాదు గానీ ఇంకెవరూ కూర్చోరు. రోజూ పొద్దున పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, కళ్లు ఆనని ముసలాళ్లకు పైకి చదివి వినిపించేవారు. చదువుతూ మధ్యలో మంత్రులకు సలహాలు కూడా ఇచ్చేవారు.

ఆయన ఎదురు కుర్చీ అప్పారావు గారిది. ఈయన మా వైపు మనిషే, తగరపువలస దగ్గర ఊరు. ఇద్దరూ పోర్టులో ఒకే గ్యాంగులో పనిచేశారు. అప్పారావు గారు వించి డ్రైవరు. ఓడలో సరుకు ఎత్తే, దించే యంత్రాన్ని వించి అంటారు. సత్యం గారు సిగ్నల్ మేన్. ఆ పని ఏమిటో చెబితే గాని ఈ కథ మీకు అందదు. ఓడ కడుపులో సరుకు పెట్టే లోతైన అర ఉంటుంది. వించి దగ్గర కూర్చున్నవాడికి దాని అడుగు కనబడదు. అర అంచున సిగ్నల్ మేన్ నిలబడి, లోపలికి చూస్తూ చేత్తో చెబుతాడు. చూపుడు వేలు కిందికి పెట్టి తిప్పితే దించమని, పైకి పెట్టి తిప్పితే ఎత్తమని, అరచెయ్యి బోర్లించి చెయ్యి పక్కకు చాపితే ఆపమని. నోటితో కూడా అంటారు. దించమనడానికి ‘ఆరియా’, ఎత్తమనడానికి ‘హబేస్’. ఎప్పుడో ఏ దేశం ఓడవాళ్లో ఇక్కడ వదిలేసి వెళ్లిన మాటలవి. కింద మనుషులుంటారు కాబట్టి, సిగ్నల్ చెయ్యి లేచేదాకా వించి డ్రైవరు లోడు కదపడు. ఎంత తొందరున్నా కదపడు.

అలా ఏళ్ల తరబడి ఒకరి చెయ్యి చూసి ఇంకొకరు బతికిన మనుషులు. ఒకరిది కోనసీమ మర్యాద, ఇంకొకరిది మా ఉత్తరాంధ్ర చనువు. అప్పారావు గారు “ఏటి బావ” అంటే, సత్యం గారు “ఏవండీ అప్పారావు గారూ” అనేవారు. చుట్టరికం ఏమీ లేదు. కొత్తగా వచ్చినవాళ్లు ఈ పిలుపులు విని, ఎవరు పెద్దో ఎవరు చిన్నో తేల్చుకోలేకపోయేవారు.

ఆ వేసవికి ముందు చలికాలంలో సత్యం గారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడ్డాయి. ఆసుపత్రిలో చాలా రోజులు ఉంచారు. కాలు కొంత కుదుటపడి కర్రతో నడవగలిగారు. కుడి చెయ్యి పూర్తిగా రాలేదు. మాట అయితే అసలు పోయింది. అసలు పోయిందని కూడా అనకూడదు, ఒక్క మాట మిగిలింది. మంచినీళ్లు కావాలన్నా, కిటికీ వెయ్యమన్నా, కోపం వచ్చినా, ఆయన నోటి వెంట వచ్చేది ఒక్కటే: “ఆరియా.” ఆయన అనాలనుకునేది వేరు. నోరు తెరిచేసరికి వచ్చేది ఇది. ఆయనకే తెలిసి, నోరు మూసేసుకునేవారు.

మార్చిలో ఒకరోజు ఆయన భార్య సుబ్బలక్ష్మి గారు ఆయన్ని మెల్లగా నడిపించుకుంటూ మా రీడింగ్ రూముకు తీసుకొచ్చారు. అందరూ లేచి పలకరించారు. సత్యం గారు కిటికీ పక్కన కూర్చున్నారు. ముఖం వెలిగింది. ఎదురుగా ఉన్న అప్పారావు గారికి ఏదో చెప్పబోయారు. వచ్చింది “ఆరియా.”

అప్పారావు గారికి ఈ జబ్బు సంగతి ఏం తెలుసు? మాట రావడం లేదని విన్నారు గానీ, ఉన్న ఒక్క మాట ఇదని తెలియదు. పాత పనివాడు సరదా చేస్తున్నాడనుకున్నారు.

“ఏటి బావ, రిటైరైపోయినా ఇంకా సరుకు దించుతన్నావేటి?” అన్నారు నవ్వుతూ.

పక్కనున్న వాళ్లు కూడా నవ్వారు. సత్యం గారు సర్దిచెప్పబోయారు, మళ్లీ అదే మాట. నవ్వు ఇంకా పెరిగింది. ఆయన ముఖం చూసి ముందు నవ్వు ఆపింది అప్పారావు గారే. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. సత్యం గారు కర్ర పట్టుకుని లేచి, భార్య చెయ్యి అందుకునే లోపే గుమ్మం వైపు నడిచేశారు.

ఆ తరువాత ఆయన ఇల్లు దాటలేదు. పలకరించడానికి ఎవరైనా వెళ్తే కళ్లు మూసుకుని పడుకునేవారట. అప్పారావు గారు వాళ్ల వీధి చివరి దాకా వెళ్లి వెనక్కి వచ్చేసేవారు. రీడింగ్ రూములో పేపరు తిరగేసినా ఆయన కళ్లు అక్షరాల మీద ఉండేవి కావు.

ఒక మధ్యాహ్నం సుబ్బలక్ష్మి గారు వారపత్రిక కోసమని వచ్చారు. పత్రిక తీసుకున్నారు గానీ విప్పలేదు. నేను పక్కన కూర్చున్నాను.

“మాట రాకపోతే పోనివ్వండి పైడమ్మ గారూ,” అన్నారావిడ. “చెయ్యి ఊపితే నాకర్థమవుద్ది. గుమ్మం దిగడం మానేశారండి. గోడకేసి తిరిగి పడుకుంటున్నారు. మళ్లీ మనుషుల్లోకి వచ్చి కూర్చుంటే చాలండి నాకు. లేకపోతే ఆయన నాకు దక్కరండి.”

అచ్యుతాపురంలో ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు ఆదివారం ఆదివారం వచ్చి, బతిమాలి, కోప్పడి, ఏమీ చెయ్యలేక వెళ్లేవాడట. మాట నేర్పే డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్తే అక్కడా నోరు విప్పడం లేదట.

నేను ఈ సంగతి సరళ మేడమ్‌కి చెప్పాను. ఆవిడ ఊరుకునే మనిషి కాదు. జిల్లా గ్రంథాలయానికి ఫోను చేసి, ఈ జబ్బు గురించి తెలుగులో ఉన్న పుస్తకం తెప్పించారు. మర్నాడు రీడింగ్ రూములో పెద్దవాళ్లందరినీ కూర్చోబెట్టి చదివి చెప్పారు. ఆయన బుద్ధి ఎక్కడికీ పోలేదు, అన్నీ అర్థమవుతాయి, మాట వచ్చే దారి మాత్రమే మూసుకుపోయింది, ఇలా ఒకే మాట నోటికి అతుక్కుపోవడం చాలామందికి జరుగుతుంది, వాళ్ల ముందు నవ్వకూడదు, వాళ్ల మాట మనం పూర్తి చెయ్యకూడదు, ఓపికగా ఆగాలి. ఆవిడ చెబుతున్నంతసేపూ అప్పారావు గారు తల దించుకుని చేతి వేళ్లు చూసుకుంటూ కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే మా కథల గంట మొదలైంది. పై గది స్లాబు వేసవి మధ్యాహ్నానికి పెనంలా కాలిపోతుంది. పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టలేం. అందుకని కింద వరండాలో చాపలు పరిచాం. పుస్తకాలు మేడ మీద ఉన్నాయి. వరండాకు గ్రిల్లు లేదు కాబట్టి రాత్రికి కింద వదలలేం. రోజూ దించాలి, రోజూ ఎక్కించాలి. నా మోకాళ్ల సంగతి మీకు తెలియదు. మెట్ల మీద అవి చేసే చప్పుడు పక్కవాళ్లకు కూడా వినబడుతుంది. రెండు రోజులు మోసేసరికి నడుం పట్టేసింది.

“నువ్వు మొయ్యకు పైడమ్మా, నాను కప్పీ కడతాను,” అన్నారు అప్పారావు గారు.

అన్నట్టే మర్నాడు ఎక్కడి నుంచో కప్పీ, నైలాన్ తాడు, మూత లేని పెద్ద గంప తెచ్చారు. గంపకు నాలుగు వైపులా తాడు కట్టి పైన ఒక ముడికి చేర్చారు. దాన్ని స్లింగు అంటారట. ముందు బాల్కనీ మీద ఇనుప కమ్మీకి కప్పీ బిగించారు. తాడు లాగే మనిషి వెనక్కి జరిగి నిలబడాలి. అక్కడి నుంచి చూస్తే పిట్టగోడ అడ్డం. గేటు దగ్గర నిలబడ్డ మనిషి కనబడతాడు గానీ, గంప దిగే నేల కనబడదు. వెనక మెట్ల వైపు అయితే పిట్టగోడ లేదు, గ్రిల్లే ఉంది, అంతా కనబడుతుంది. అక్కడ ఎందుకు కట్టలేదని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

మేడమ్ వచ్చి చూసి భయపడ్డారు. పిల్లలు ఆడుకునే చోటు, ఎవరి నెత్తి మీదైనా పడితే ఎలాగన్నారు. ఆ భయం న్యాయమైనదే. అప్పారావు గారు ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు తల ఊపారు.

“అందుకే మేడమ్ గారూ, కింద సిగ్నల్ మేన్ ఉండాల. నేకపోతే నాను తాడు ముట్టుకోను. నాకు ఎరికున్న సిగ్నల్ మేన్ ఒక్కడే.”

ఆ సాయంత్రం నన్ను తోడు తీసుకుని సత్యం గారింటికి వెళ్లారు. ఒక్కరే వెళ్లడానికి ధైర్యం చాలలేదు. సత్యం గారు మంచం మీద గోడకేసి తిరిగి పడుకుని ఉన్నారు. అప్పారావు గారు కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. మంచం కాళ్ల దగ్గర నిలబడి ఓడ మీద మాట్లాడినట్టే మాట్లాడారు.

“బావ, లైబ్రరీలో కప్పీ కట్టినాను. పుస్తకాలు దించాల. నాకు కింద కనపడదు. పిల్లగుంటలు తిరిగే చోటు. సిగ్నల్ నేకండా లోడు పట్టనని నీకు ఎరికే కదా. రేపు సాయంత్రం రా.”

సత్యం గారు తిరగలేదు. అప్పారావు గారే మళ్లీ అన్నారు, ఈసారి గొంతు తగ్గించి.

“ఆ దినం నవ్వినాను. తప్పే. తిట్టడానికి నీకు నోరు నేదు గానీ సేతిలో కర్ర ఉంది కదా బావ. ఒకటి ఏసెయ్యి. ఏసేసి రా.”

సుబ్బలక్ష్మి గారు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. సత్యం గారు గోడకేసి తిరిగే “ఆరియా” అన్నారు, మెల్లగా. అది వెళ్లిపొమ్మని అన్న తీరు. వచ్చేశాం.

మర్నాడు ఆయన రాలేదు. పిల్లలు చాపల మీద కూర్చుని పైకి చూస్తున్నారు. అప్పారావు గారు తాడు పట్టుకోకుండా పైన అలాగే నిలబడ్డారు. చివరికి పరీక్షల గదిలో చదువుకునే గణేష్ అనే కుర్రాడు, నేను చూస్తాను తాతగారూ అని గేటు దగ్గర నిలబడ్డాడు. మంచి పిల్లవాడు. కానీ వాడికి తెలిసిన సిగ్నల్ ఒక్కటే, వీధిలో లారీని వెనక్కి రప్పించేది. రెండు చేతులూ తనవైపు ఊపుతూ “రానీ, రానీ, రానీ” అన్నాడు.

“ఒరే, నీ సెయ్యి కిందకి సెప్తందా, పైకి సెప్తందా?” అని పైనుంచి అప్పారావు గారి కేక.

కంగారులో వాడు ఇంకా గట్టిగా ఊపాడు. గంప పిట్టగోడ అంచుకు తగిలి ఒరిగింది. బొమ్మల పుస్తకాలు పావురాల్లా వరండా ముందంతా పడ్డాయి. పిల్లల్ని మేడమ్ ముందే లోపలికి జరిపారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. గణేష్ పాపం పుస్తకాలన్నీ ఏరి, ఊది, తుడిచి ఇచ్చాడు. మేడమ్ మాత్రం గట్టిగా చెప్పేశారు, ఇంక ఇది వద్దు, పైడమ్మకు సాయంగా ఎవరినైనా చూద్దాం అని. అప్పారావు గారు రెండు చేతులూ జోడించి, రేపు ఒక్కరోజు చూడండమ్మా, రాకపోతే నేనే విప్పేస్తానన్నారు.

ఈ సంగతి నేను సుబ్బలక్ష్మి గారికి చెప్పాను. ఆవిడ ఇంటికెళ్లి, అన్నం పెడుతూ, ఆయన్ని రమ్మని ఒక్క మాటా అనకుండా జరిగింది చెప్పారట. “లారీని రివర్సు చేయించినట్టు చేతులు ఊపాడంటండి ఆ కుర్రాడు. పుస్తకాలన్నీ నేలపాలంటండి. పిల్లలు లేరు కాబట్టి సరిపోయిందంట.” ఆయన తినడం ఆపి వింటూ కూర్చున్నారట. మర్నాడు సాయంత్రం ఎండ తగ్గాక దండెం మీది చొక్కా కర్రతో చూపించారట.

ఆ సాయంత్రం మా గేటు దగ్గర ఆయన్ని చూసినప్పుడు నేను పిల్లలకు కథ చెబుతూ మధ్యలో ఉన్నాను. కథ ఆగిపోయింది. భార్య చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చి, ముందు ఎవరి ముఖమూ చూడలేదు. పైకి చూశారు. కప్పీ చూశారు, తాడు చూశారు, గంప దిగే చోటు చూశారు. గేటు పక్కన నిలబడి చూస్తున్న గణేష్‌ని కర్రతో మెల్లగా పక్కకు జరిపారు. ఆ చోట్లో తాను నిలబడ్డారు. కర్ర భార్యకు ఇచ్చేశారు. ఎడమ చేత్తో పిల్లల్ని వెనక్కి, ఇంకా వెనక్కి, అని జరిపారు. పిల్లలు ఎదురు చెప్పకుండా జరిగారు.

పైన అప్పారావు గారు తాడు చేతికి చుట్టుకుని ఎదురు చూస్తున్నారు.

సత్యం గారు ఎడమ చెయ్యి ఎత్తారు. చూపుడు వేలు కిందికి పెట్టి తిప్పారు. “ఆరియా” అన్నారు.

గంప కదిలింది. మెల్లగా, కొంచెం కూడా ఊగకుండా, పిట్టగోడ దాటి కిందికి వస్తోంది. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఏముంది? ఆయన దించమన్నారు, అది దిగుతోంది. అంతమంది మధ్య ఆయన అన్న మాట అన్నట్టుగా జరగడం ఎన్నో నెలల తరువాత అదే మొదలు. ఆయన ముఖం నేను చూశాను. పనిలో ఉన్న మనిషి ముఖం అది, ఇంకేమీ లేదు.

గంప సగానికి వచ్చేసరికి చిన్ని అనే పిల్ల, పట్టుమని ఆరేళ్లు కూడా ఉండవు, తన చెప్పు అక్కడ వదిలేసిందని గంప కిందికి పరుగెత్తింది. నేను లేచే లోపే సత్యం గారి చెయ్యి బోర్లా పక్కకు చాచుకుంది. గంప గాలిలో ఆగిపోయింది. పైనున్న మనిషికి పిల్ల కనబడదు, చెప్పు కనబడదు. ఎందుకు ఆపాలో తెలియదు. చెయ్యి చూశారు, తాడు బిగించారు. అంతే. చిన్ని చెప్పు తీసుకుని నెమ్మదిగా వెనక్కి వచ్చి కూర్చుంది. వేలు మళ్లీ తిరిగింది. గంప నేల మీద ఆనింది.

అప్పారావు గారు కిందికి దిగి వచ్చి, ఎందుకాపేవు బావ అని అడిగారు. మేడమ్ చెప్పారు. ఆయన చిన్నిని చూశారు, గంపను చూశారు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని అక్కడే మెట్టు మీద కూర్చున్నారు. సత్యం గారు వెళ్లి పక్కన కూర్చున్నారు. కూర్చుంటూ భార్య చేతిలోని కర్ర తీసుకుని దానితో అప్పారావు గారి కాలి మీద చిన్నగా ఒక్కటి తట్టారు. బాకీ తీరిపోయింది.

ఇంక ఆ వేసవి అంతా అలాగే సాగింది. సాయంత్రం కాగానే ఇద్దరూ వచ్చేవారు, ఒకరు పైన, ఒకరు కింద. పుస్తకాలు దిగేవి, కథలయ్యాక మళ్లీ ఎక్కేవి. ఎక్కేటప్పుడు సత్యం గారు వేలు పైకి తిప్పేవారు గానీ నోరు విప్పేవారు కాదు. ఆ మాట దగ్గర ఆయనకు దారి దొరకడం లేదు. “హబేస్, హబేస్” అని అప్పారావు గారే పైనుంచి అనుకుంటూ లాగేవారు.

నేను ఒక కథ అల్లాను. చీమల రాజ్యానికి ఓడలో బెల్లం వస్తుంది. రేవులో అన్నీ ఉన్నాయి, దించమని చెప్పే నోరు మాత్రం ఏ చీమకూ లేదు. ఆ మాట అననిదే ఒక్క బెల్లం అచ్చు కూడా కదలదు. అక్కడికి వచ్చి ఆగేదాన్ని. పిల్లలందరూ సత్యం గారి వైపు తిరిగేవారు. మొదటిసారి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆగాం. మేడమ్ చెప్పినట్టు ఎవరూ ఆయనకు మాట అందివ్వలేదు. ఆయన “ఆరియా” అన్నారు. ఒక అచ్చు దిగింది. ఇంకో రోజు ఇంకో అచ్చు. పిల్లలకు ఆ కథ ఎంత ఇష్టమైపోయిందంటే ఓడ ఖాళీ అవడానికి ఒప్పుకునేవారు కాదు. బెల్లం అయిపోతే కొబ్బరికాయలు దించాం, అవీ అయిపోతే అరటిగెలలు. ఆయన తన వంతు కోసం నా నోటి వంక చూస్తూ కూర్చునేవారు.

ఒక సాయంత్రం అరటిగెల దగ్గర ఆగాను. ఆయన నన్ను చూసి, కొంచెం ఊపిరి తీసుకుని, “ఆరియా అండి” అన్నారు.

సుబ్బలక్ష్మి గారు అక్కడే ఉన్నారు. రెండో మాట వచ్చింది. అది కూడా కోనసీమ మాట. అప్పారావు గారు “సూసినారా మేడమ్ గారూ, ఈడికి మర్యాద ముందొచ్చింది, మాట తరవాత వస్తాది” అన్నారు. సత్యం గారు నవ్వారు. ఆ నవ్వు మార్చి నెల నవ్వు కాదు, అందరితో కలిసి నవ్విన నవ్వు. మాట నేర్పే డాక్టరమ్మ దగ్గర కూడా అప్పటి నుంచి నోరు విప్పుతున్నారట. ఇదివరకు ఆ మాట తనంతట తాను వచ్చేసేది, ఇప్పుడు ఆయన కావాలని పలుకుతున్నారు, అది చాలా పెద్ద అడుగు అని ఆవిడ చెప్పిందట.

జూన్‌లో బడులు తెరిచారు. కథల గంట అయిపోయింది. వానలకు తాడు పాడవుతుందని మేడమ్ కప్పీ విప్పించారు. అప్పారావు గారు ముడి విప్పుతుంటే నాకు బెంగ పట్టుకుంది. పని ఉంది కాబట్టి ఆయన వచ్చారు. పని అయిపోయింది. మళ్లీ గోడకేసి తిరిగి పడుకుంటే? సుబ్బలక్ష్మి గారి కళ్లల్లో కూడా అదే ప్రశ్న. రేపు పొద్దున పేపరుకి వస్తారా అని నేను ఆయన్ని అడగబోయి మానుకున్నాను. అడిగితే రావాలి కాబట్టి వస్తారు. ఆయన రావాలనుకుని రావడం వేరు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. రాత్రి చినుకులు పడి వీధంతా తడిగా ఉంది. తాళం తీసి ఇనుప షట్టరు కింద చెయ్యి పెట్టాను. సముద్రపు గాలికి తుప్పు పట్టిన షట్టరది, వానపడితే ఇంకా మొండికేస్తుంది. మోకాలికి వచ్చి ఆగిపోయింది. ఊపిరి బిగబట్టి మళ్లీ వంగాను.

వెనక నుంచి, “హబేస్ అండి” అని వినబడింది.

తిరిగి చూశాను. సత్యం గారు కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నారు. పక్కన సుబ్బలక్ష్మి గారు లేరు. వీధిలో ఎవరూ లేరు. ఒక్కరే వచ్చారు. ఎడమ చెయ్యి వేలు పైకి తిరుగుతోంది. ఆయనకే ఆ మాట విని ఆశ్చర్యంగా ఉన్నట్టుంది, ఇంకోసారి అని చూసుకున్నారు. నేను షట్టరు ఎత్తాను. ఎంత తేలిగ్గా లేచిందో. ఆయన లోపలికి వెళ్లి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పేపరు కోసం చెయ్యి చాపారు.

ఇప్పటికీ వస్తారు. ఇప్పుడు పైకి చదివి వినిపించేది అప్పారావు గారు. తడబడుతూ చదువుతారు. తప్పు చదివితే సత్యం గారు కర్రతో బల్ల మీద కొడతారు. మాటలు ఇంకా కొన్నే. మనవడి పేరు, భార్య పేరు, కాఫీ, వద్దు, రేపు. అవి చాలు ఆయన రోజు గడవడానికి.

ఇన్నేళ్ల పనిలో నేను నేర్చుకున్నది ఒకటి ఉంది. లైబ్రరీకి వచ్చే మనిషి ఏ పుస్తకం కావాలని అడుగుతాడో అది తీసివ్వడం మా పని. అడగలేని మనిషి కూడా వస్తాడు. అతనికి ఏమివ్వాలో ఏ బీరువాలోనూ రాసి ఉండదు. సత్యం గారికి ఒక చోటు కావాలి, ఆ చోట్లో ఆయన లేకపోతే పని ఆగిపోవాలి. ఆ సంగతి కనిపెట్టింది ఆయన చెయ్యి ఎరిగిన స్నేహితుడు. చోటిచ్చింది మేడమ్. నేను కథ చెప్పాను, అంతే. అప్పటి నుంచి గుమ్మం దగ్గర సందేహిస్తూ నిలబడ్డ వాళ్లను చూస్తే, ఏం కావాలని ముందు అడగను. ఈ కిటికీ తెరుచుకోవడం లేదు, కాస్త సాయం పట్టండి అంటాను.

చాలాసేపు కూర్చున్నారు, చల్లగా మజ్జిగ తాగి వెళ్లండి. మీ ఇంట్లో పిలిచే గొంతుకీ పలికే గొంతుకీ ఏనాడూ కొదవ రాకూడదు. పొద్దున మీ గుమ్మం దిగిన వాళ్లందరూ సాయంత్రానికి నవ్వుతూ గుమ్మం ఎక్కాలి. మీ పిల్లలు చల్లగా ఉండాలి, మీ పెద్దవాళ్ల కుర్చీ ఎప్పుడూ నిండుగా ఉండాలి, తల్లీ.